వేళ్లు కోసిన బోన్సాయ్ కోలుకోవడానికి అమ్మే సామాన్లు: ఏవి కొనాలి, ఏవి అక్కర్లేదు

రీపాటింగ్ (వేళ్లు కత్తిరించి, కొత్త మట్టిలోకి మార్చడం) అయిన చెట్టు త్వరగా తేరుకోవడానికంటూ మార్కెట్లో దొరికే సరుకు చాలానే ఉంది. అకడామా సంచులు, టానిక్ సీసాలు, వేరు హార్మోన్ పొడులు, కోతల మీద పూసే కట్ పేస్టు, ఎండు నాచు, మైకోరైజా (వేళ్లతో కలిసి బతికే మేలు చేసే ఫంగస్) పొట్లాలు, తేమ మీటర్లు, అడుగున పెట్టే హీట్ మ్యాట్లు. ఇందులో సగం లేకపోయినా చెట్టుకి వచ్చే నష్టం లేదు. మిగతా సగంలో చెట్టు బతుకుతుందా లేదా అన్నది తేల్చేవి రెండే: కుండీలో మట్టిగా పోసే గింజ (రాతి, బంకమన్ను రేణువులు), చెట్టుని కుండీకి కట్టే తీగ. రంగురంగుల లేబుళ్లు మాత్రం ఈ రెంటికీ ఉండవు.

ఎందుకో చెప్పాలంటే, కత్తెర పెట్టినప్పుడు చెట్టు ఏం పోగొట్టుకుందో ముందు చూడాలి. లావు వేళ్లు పోతే పెద్దగా బెంగ లేదు. వాటి పని చెట్టుని నిలబెట్టడం, పిండిపదార్థం దాచుకోవడం. నీళ్లు తాగేది పీచువేళ్ల కొసలు, వాటి మీదుండే కంటికి ఆనని నూగు. పాత మట్టి దులిపేటప్పుడే ఆ నూగు చాలావరకు ఊడిపోతుంది, కొసలు కత్తెరకి పోతాయి. ఆకులు మాత్రం ఎప్పటిలాగే నీటిని ఆవిరి చేస్తూంటాయి. కొత్త కొసలు రావడానికి వెచ్చటి మట్టిలో రెండు మూడు వారాలు, చల్లటి మట్టిలో ఇంకా ఎక్కువ పడుతుంది. అవి రావాలంటే మూడు కావాలి: వేరు పక్కన గాలి, కదలకుండా నిలబడ్డ చెట్టు, ఆకుల నుంచి పోయే నీరు తగ్గడం. కింద చెప్పే ప్రతి వస్తువునీ ఈ మూడిటి మీదే తూచాం.

అకడామా, ప్యూమిస్, లావా

అకడామా జపాన్‌లో తవ్వి తీసే అగ్నిపర్వత మూలపు ఎర్ర బంకమన్ను, గింజలుగా ఎండబెట్టి అమ్ముతారు. గింజ లోపల నీరు పట్టుకుంటుంది, గింజకీ గింజకీ మధ్య గాలి ఉంటుంది. పీచువేళ్లు గింజలోకే దూరి దాన్ని చీల్చుకుంటూ సన్నగా చీలిపోతాయి. బోన్సాయ్‌కి కావలసింది సరిగ్గా ఆ చీలికే. ఇంకో సుగుణం, ఎండితే రంగు లేతబడుతుంది, తడిస్తే ముదురుతుంది. నీళ్లెప్పుడు పోయాలో పైపొర చూసి ఒక అంచనాకి రావచ్చు.

లోపం కూడా అందులోనే ఉంది. గింజ మెత్తన. రెండు మూడేళ్లలో పొడై, కుండీ అడుగున బురదలా కూర్చుంటుంది. మంచు కురిసి, కరిగి, మళ్లీ గడ్డకట్టే చోట ఇంకా ముందే పొడైపోతుంది. అందుకే కొనేటప్పుడు గట్టి రకం అడగాలి. ఇంటికి తెచ్చాక నాలుగు గింజలు గంటసేపు నీళ్లలో నానబెట్టి వేళ్ల మధ్య నొక్కండి. కాస్త బలం పెడితే విరిగితే ఫరవాలేదు, తాకగానే పేస్టైపోతే ఆ సంచి వేళ్లు కోసిన చెట్టుకి పనికిరాదు.

ప్యూమిస్ అగ్నిపర్వతపు నురగరాయి, తెల్లగా, తేలిగ్గా ఉంటుంది. నీరూ గాలీ రెండూ పట్టుకుంటుంది, ఏళ్ల తరబడి అరిగిపోదు. బలహీనపడ్డ చెట్టుకి ఒకే ఒక్కటి కొనమంటే మా ఓటు దీనికే. పీచువేళ్లు మరీ తక్కువ మిగిలిన పైన్, జూనిపర్‌లని ఉత్త ప్యూమిస్‌లో పెట్టి ఒక ఏడాది వదిలేసినా నిక్షేపంగా ఉంటాయి. లావా రాయి నీరు తక్కువ పట్టుకుంటుంది, బరువెక్కువ. నీరు జారిపోవడానికి, మిశ్రమం కుంగకుండా ఉండటానికి వేస్తారు. మామూలు లెక్క మూడూ సమపాళ్లు. ఆకురాల్చే చెట్లకి అకడామా రెండు పాళ్లు, మిగతావి ఒక్కొక్క పాలు. అజేలియాకైతే వీటి జోలికి పోకుండా కనుమా (జపాన్‌లోనే దొరికే మెత్తటి ప్యూమిస్ రకం) వాడతారు, దాని ఆమ్ల గుణం అజేలియాకి నప్పుతుంది.

ఏ సంచి కొన్నా జల్లెడ పట్టకుండా వాడితే దాని విలువ సగం పోయినట్టే. చిన్న కుండీలకి 1 నుంచి 3 మిల్లీమీటర్ల గింజ, మామూలు సైజుకి 3 నుంచి 6. పెద్ద గింజ విడిగా తీసి అడుగు పొరకి ఉంచుకోండి. 1 మిల్లీమీటరు కన్నా సన్నది బయట పారబోయండి. ఆ దుమ్మే మొదటి నీళ్లతో కిందికి దిగి, కుండీ చిల్లుల మీద వేసే జాలీ దగ్గర అడ్డం పడుతుంది. రీపాటింగ్ అయిన వెంటనే కుండీ కింది నుంచి వచ్చే నీరు తేటబడేదాకా పోయమనేది ఇందుకే. ముందు మడ్డిగా, తర్వాత టీ రంగులో, చివరికి నిర్మలంగా వస్తుంది. టీ రంగు దగ్గరే ఆపేస్తే దుమ్ము లోపలే ఉండిపోయినట్టు.

ఇక చవకలో దొరికే ప్రత్యామ్నాయాలు. కాల్చిన బంకమట్టి గింజలు, జల్లెడ పట్టిన ఇటుక ముక్కలు బాగానే పనిచేస్తాయి, కాకపోతే ఇటుక సరిగ్గా కాలినదై ఉండాలి. పెర్లైట్‌లో (వేడికి పొంగించిన తెల్లటి తేలిక రాతి గింజ) గాలి బాగుంటుంది గానీ నీళ్లు పోసినప్పుడల్లా పైకి తేలుతుంది, కుండీలో చెట్టు పట్టు తప్పుతుంది. కోకోపీట్ లోతైన తొట్టిలో మంచిదే. వేళ్లు కోసిన చెట్టుని లోతులేని కుండీలో కోకోపీట్‌లో పెట్టడం మాత్రం కోరి తెచ్చుకునే కుళ్లు. పైగా సరిగ్గా కడగని కోకోపీట్‌లో ఉప్పు మిగిలి ఉంటుంది, కొత్త కొసల్ని అది మాడ్చేస్తుంది.

ఇక్కడ కుండీ లోతు గురించి ఒక మాట. గింజ సైజు ఒకటే అయితే, నీరు జారాక అడుగున నిలిచిపోయే తడి పొర మందం లోతు కుండీలోనైనా లోతులేని కుండీలోనైనా ఒకటే. ఆ పొర 2 సెంటీమీటర్లు అనుకోండి. 15 సెంటీమీటర్ల తొట్టిలో అది పట్టించుకోనక్కర్లేదు. 4 సెంటీమీటర్ల బోన్సాయ్ పళ్లెంలో సగం కుండీ అదే. పీచువేళ్లు తక్కువున్న చెట్టు ఆ తడిని తాగి ఖాళీ చేయలేదు కూడా. అందుకే బాగా కోసిన చెట్టుని నేరుగా ప్రదర్శన కుండీలోకి కాకుండా, చుట్టూ చిల్లులుండే ప్లాస్టిక్ బుట్టలోకో చెక్కపెట్టెలోకో మార్చడం మేలు. పళ్లెంలోనే పెట్టక తప్పకపోతే డబ్బు ఖర్చు లేని కిటుకు ఒకటుంది: నీళ్లు పోశాక కుండీ ఒక అంచు కింద చెక్కముక్క పెట్టి వాలుగా ఉంచండి. వాలు వైపు చిల్లు లోంచి, ఆగిపోయిందనుకున్న నీరు మళ్లీ ధారగా కారడం కళ్లారా చూడొచ్చు. అయిదు నిమిషాలయ్యాక మామూలుగా పెట్టేయండి.

కట్టే తీగ

ఈ పట్టికలో అన్నిటికన్నా చవక ఇదే, పనితనంలో మొదటి మార్కూ దీనికే. గాలికి చెట్టు అటూ ఇటూ ఊగిన ప్రతిసారీ అప్పుడే పుట్టిన తెల్లటి కొసలు గింజకి రాసుకుని తెగిపోతాయి. ఎంత మంచి మట్టి వేసినా, ఎన్ని సీసాలు పోసినా ఊగే చెట్టుకి వేరు పట్టదు.

మధ్య సైజు చెట్టుకి 1.5 నుంచి 2 మిల్లీమీటర్ల అల్యూమినియం తీగ సరిపోతుంది. చెట్టు పెట్టకముందే కుండీ అడుగు చిల్లుల్లోంచి తీగని పైకి తీసి ఉంచుకోవాలి. చెట్టు పెట్టి, లావు వేళ్ల మీదుగా తీగ తెచ్చి, పటకారుతో ముందు పైకి లాగాలి, లాగుడు వదిలాక మెలి తిప్పాలి. లాగుతూనే తిప్పితే తీగ మెడ దగ్గర పుటుక్కున తెగుతుంది. బెరడు లేతగా ఉన్నచోట తీగ కింద రబ్బరు ముక్క పెట్టండి. ఆ తర్వాత మిశ్రమం పోసి, చాప్‌స్టిక్‌తో వేళ్ల సందుల్లోకి దింపాలి. కుమ్మినట్టు పొడవకండి, చిన్నగా తిప్పుతూ ఆడిస్తే గింజ తనంతట తానే దిగుతుంది. సందుల్లో గాలి బొక్కలు మిగిలితే అక్కడి వేరు ఎండిపోతుంది.

పరీక్ష తేలిక. మాను మొదలు పట్టుకుని మెల్లగా కదపండి. చెట్టూ కుండీ కలిసి కదలాలి. చెట్టు ఒక్కటే కదిలిందంటే విప్పి మళ్లీ కట్టుకోవాల్సిందే. వేరు పట్టాక, ఒక పెరుగుదల కాలం గడిచాక, తీగ తీసేయడం మరచిపోతే అది పైవేళ్లలోకి కోసుకుపోతుంది.

ఎండు స్ఫాగ్నమ్ నాచు

పొడుగు పీచు రకం కొనండి. పొడి నాచుని 5 మిల్లీమీటర్ల జాలీ మీద రుద్ది, రాలిన తునకల్ని తడిపి, కుండీ పైన 3 నుంచి 5 మిల్లీమీటర్ల మందాన పరవాలి. గింజ మిశ్రమాల్లో పైపొర ముందు ఎండుతుంది, అక్కడున్న వేళ్లు ముందు పోతాయి. నాచు ఆ పైరెండు సెంటీమీటర్లని తడిగా ఉంచుతుంది, నీళ్లు పోస్తే గింజ చెదరకుండా పట్టి ఉంచుతుంది. తీగని మినహాయిస్తే ఇంత చిన్న ఖర్చుకి ఇంత లాభం మరో వస్తువులో లేదు. మందంగా వేస్తే మాత్రం కింద ఎండిందో తడిగా ఉందో తెలియదు, మాను మొదలు నానుతుంది. ఎండు నాచు నలిపేటప్పుడు చేతికి గ్లవ్స్, ముక్కుకి మాస్కు ఉండాలి. చర్మం గీసుకున్నచోట నుంచి స్పోరోట్రైకోసిస్ అనే ఫంగస్ జబ్బు రావడానికి ఈ నాచు ఒక దారి.

కట్ పేస్టు

పీచువేళ్లకి పూసేవాళ్లున్నారు. అనవసరం. చిటికెనవేలంత లావు, ఆపైన ఉన్న వేరు కోసినప్పుడే దీని అవసరం. అప్పుడు కూడా పేస్టు కన్నా కోత ముఖ్యం: పదునైన కత్తితో నున్నగా, కోసిన ముఖం నేల వైపు ఉండేలా. పైకి చూసే కోత మీద నీరు నిలుస్తుంది. మొద్దు కత్తెర నలిపిన చివర కుళ్లుతుంది, దాని మీద ఎంత పేస్టు పూసినా లోపల జరిగేది జరుగుతూనే ఉంటుంది. తడి మీద పేస్టు అంటదు కాబట్టి గుడ్డతో అద్ది, ఆరాక పూయాలి. పనిముట్లని 70 శాతం ఆల్కహాల్‌తో తుడవడానికి పెట్టే ఖర్చు, పేస్టుకి పెట్టే ఖర్చు కన్నా సార్థకం.

బి1 టానిక్‌లు, వేరు హార్మోన్లు

విటమిన్ బి1 వేరుని పుట్టిస్తుందన్న నమ్మకం 1930ల నాటిది. మొక్క నుంచి వేరు చేసిన బఠానీ వేళ్లని గాజుపాత్రల్లో పెంచితే బి1 చేర్చినప్పుడు బాగా పెరిగాయి. అయితే ఆ వేళ్లకి ఆకులు లేవు. ఆకులున్న మొక్క బి1ని తానే తయారు చేసుకుని వేళ్లకి పంపుకుంటుంది. పూర్తి మొక్కల మీద తర్వాత చేసిన పరీక్షల్లో అలాంటి లాభం కనబడలేదు. సీసా మీద బి1 ఒక్కటే ఉంటే అది పక్కన పెట్టేయండి.

కొన్ని టానిక్‌లలో బి1తో పాటు ఎన్ఏఏ అనే ఆక్సిన్ (మొక్కల పెరుగుదల హార్మోన్) కొద్దిగా కలుపుతారు. ఏదైనా ప్రభావం కనిపిస్తే అది దాని వల్లే. ఆక్సిన్‌లతో చిక్కేమిటంటే, అవి కొత్త వేరు మొలకెత్తడానికి ఉసిగొల్పుతాయి, కానీ మోతాదు మించితే మొలిచిన వేరు పొడుగు సాగకుండా అడ్డుపడతాయి. ‘ఇంకో మూత ఎక్కువ పోసేద్దాం’ అనుకోవడం ఇక్కడ నేరుగా ఎదురు తిరుగుతుంది. ఐబీఏ అనే ఇంకో ఆక్సిన్ పొడి, నాటే కొమ్మ ముక్కలకి వేళ్లు రావడం కోసం చేసిన సరుకు. లావు వేరు కోసిన ముఖం అంచున పలచగా అద్దితే ఫైకస్ (మర్రి, రావి జాతి) లాంటి వెడల్పాకు చెట్లలో కొంత ఉపయోగం ఉండొచ్చు. కుండీ అంతా చల్లడం దండగ. తడి వేరుని నేరుగా డబ్బాలో ముంచకండి, కావలసినంత విడిగా తీసుకోండి. వేడికీ వెలుతురుకీ దాని సత్తువ పోతుంది.

మైకోరైజా పొట్లాల గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. పైన్ పాత మట్టిలో తెల్లటి దారాల్లాంటి ఫంగస్ కనబడితే ఆ మట్టి గుప్పెడు దాచి కొత్త మిశ్రమంలో కలపండి. ఆ చెట్టుకి అలవాటైన ఫంగస్ అదే, ఉచితం కూడా. ఒకటే షరతు, పాత మట్టి కుళ్లు వాసన రాకూడదు.

ఆకుల నుంచి పోయే నీటిని ఆపేవి

50 శాతం నీడ వల ముందు చెప్పాలి. రెండు మూడు వారాలు మధ్యాహ్నపు ఎండ, దానితో పాటు గాలి, తగలకుండా చూస్తే చాలు. ఎండతో పాటు గాలి కూడా ఆకుని ఆరబెడుతుంది. నీడ అంటే చీకటి గది కాదు. వెలుతురు లేకపోతే చక్కెర తయారవదు, చక్కెర లేకపోతే వేరు రాదు.

పారదర్శక ప్లాస్టిక్ సంచి ఫైకస్ లాంటి ఉష్ణమండలపు చెట్లకి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. సగానికి పైగా వేళ్లు పోయిన ఫైకస్ కూడా సంచిలో నిలదొక్కుకుంటుంది. ఆకుల్ని సంచి తాకకుండా పుల్లలు నిలబెట్టండి. వెలుతురు నీడలో ఉంచండి, నేరుగా ఎండలో పెడితే లోపల ఉడికిపోతుంది. కొత్త చిగురు కనబడ్డాక ఒక్కసారిగా తీసేయకుండా, రోజూ కొంచెం కొంచెంగా తెరుస్తూ వారం పది రోజులు తీసుకోండి. పైన్, జూనిపర్‌లకి సంచి వద్దు. మొగ్గలింకా ఉబ్బని ఆకురాల్చే చెట్టుకి దీని అవసరమే లేదు. సంచి లోపల బూజు కనబడితే గాలి ఆడనివ్వడమే మందు.

యాంటీ ట్రాన్స్‌పిరెంట్ స్ప్రేలు ఆకుమీద పలచటి పొర వేస్తాయి. నీరు తగ్గినట్టే, ఆకు పీల్చే గాలీ కొంత తగ్గుతుంది. కొత్తగా వచ్చే ఆకులకి ఆ పొర ఉండదు. సంచిలో పట్టనంత పెద్ద సతతహరిత చెట్టుకి తప్ప దీన్ని కొనమని చెప్పలేం. వెడల్పాకు చెట్టులో పెద్ద ఆకుల్ని కొన్ని తుంచేసినా అదే పని జరుగుతుంది. మొత్తం తుంచేస్తే మాత్రం వేరుకి అందాల్సిన చక్కెర, ఆక్సిన్ రెండూ ఆగిపోతాయి. జూనిపర్ పచ్చదనం మీద చెయ్యే వేయొద్దు, దాని బలమంతా అక్కడే.

తేమ మీటరు, హీట్ మ్యాట్

రెండు పుల్లల తేమ మీటరు విద్యుత్తు ఎంత పారుతుందో చూసి చెబుతుంది. గరుకు గింజల మధ్య దానికి సరైన ఆనిక దొరకదు, తడిగా ఉన్నా ‘ఎండింది’ అంటుంది. ఆ మాట నమ్మి నీళ్లు పోయడంతో చచ్చే చెట్లు తక్కువేం కాదు. వెదురు పుల్ల ఒకటి కుండీలో సగం లోతుకి గుచ్చి ఉంచండి, పది నిమిషాలాగి తీసి చెంపకి ఆనించండి. చల్లగా, ముదురు రంగులో ఉంటే ఆ రోజుకి నీళ్లొద్దు. వేళ్లు తగ్గిన చెట్టు తాగేది తక్కువ, కాబట్టి పాత లెక్క ప్రకారం రోజూ పోయకూడదు. మట్టి తడిగా ఉండి కూడా ఆకులు వాలిపోతే అది దాహం కాదు, లోపల వేళ్లు ఊపిరాడక పోతున్నాయి. అప్పుడు ఇంకో చెంబు పోస్తే ఇక అంతే. నీళ్ల క్యానుకి సన్న చిల్లుల మూత మాత్రం మంచిది కొనండి. లావు ధార కొత్త మిశ్రమాన్ని గుంత చేస్తుంది.

హీట్ మ్యాట్ చల్లటి కాలంలో చేసిన రీపాటింగ్‌కి నిజంగా పనికొచ్చే వస్తువు. పైన గాలి చల్లగా, కింద మట్టి 20 నుంచి 24 డిగ్రీల మధ్య ఉంటే ఆకు ఎదురుచూస్తుంటే వేరు ముందుకు పోతుంది. థర్మోస్టాట్ లేని మ్యాట్ మాత్రం ఊరికే ఇచ్చినా వద్దు. థర్మోస్టాట్ ప్రోబు (వేడి కొలిచే పుల్ల) మ్యాట్ మీద కాకుండా మట్టిలో ఉండాలి. అడుగు ముందు ఎండుతుంది కాబట్టి వెదురు పుల్లని అడుగుదాకా గుచ్చి చూడండి. వేడి ప్రాంతాల వాళ్లకి ఇది అక్కర్లేదు.

ఎరువు, ఆపైన చూడాల్సిన గుర్తులు

రికవరీ పేరుతో అమ్మే సరుకుతో పాటు నెమ్మదిగా కరిగే ఎరువు గుళికలు అంటగడుతుంటారు. అవి మిశ్రమంలో కలపకండి. కొసలు లేని వేరు ఎరువుని తీసుకోలేదు, పేరుకున్న లవణాలు మిగిలిన కాస్త వేరు నుంచే నీటిని లాగేస్తాయి. నాలుగు నుంచి ఆరు వారాలు ఉత్త నీళ్లే.

ఫైకస్ ఆకులు పసుపై రాలితే కంగారు పడకండి, గోటితో కొమ్మ గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది. ఆకురాల్చే చెట్టు మొగ్గలు ఉబ్బి, విచ్చుకోకుండా రెండు వారాలు అలాగే నిలిచిపోతే లోపల నిల్వ ఉన్న సత్తువతో ఉబ్బాయే తప్ప వేరు అందుకోలేదని అర్థం. సంచి, నీడ, వాలుగా పెట్టడం అప్పుడు చేయాలి. జూనిపర్ దగ్గర మాత్రం కళ్లని నమ్మొద్దు. వేళ్లు చచ్చాక కూడా వారాల తరబడి పచ్చగానే కనబడుతుంది. మెరుపు పోయి బూడిద రంగు కలిసిన పచ్చదనం, పట్టుకుంటే గరుకుగా పొడిగా తగిలే ఆకు, ఇవి ముందు గుర్తులు. కొసల్లో లేత పచ్చ రంగు తొంగిచూస్తే వేరు పట్టినట్టే.

ఎరువు ఎప్పుడు మొదలెట్టాలో చెప్పే గుర్తు కుండీ బరువులో ఉంటుంది. నీళ్లు పోసిన మర్నాడు కూడా బరువుగానే ఉన్న కుండీ, ఒకరోజు చేతికి తేలిగ్గా తగులుతుంది. కొత్త ఆకు కూడా అప్పటికి గట్టిపడి ఉంటే సేంద్రియ ఎరువు బిళ్ల ఒకటి, మామూలు మోతాదులో సగం, కుండీ అంచున పెట్టొచ్చు.